రంజాన్‌లో కుర్దుల ఊరికి, అక్క అత్తవారింటికి వెళ్తున్నాం. రోజా (ఉపవాసం) ఉండని మేము అక్కడ ఎలా మసలుకోవాలి?

వెన్నెల_వాకిలి, 2025 ఫిబ్రవరి 17

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అక్క స్వీడన్‌లో చదువుకునేటప్పుడు పరిచయమైన కుర్దు అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. నాలుగేళ్ళయింది. బావ వాళ్ళది ఇరాక్‌లోని కుర్దిస్తాన్, హలబ్జా నుంచి కొండల వైపు కాస్త లోపలికి వెళ్తే వచ్చే పల్లె. పెళ్ళికి వాళ్ళ వైపు నుంచి బావ అన్నగారు ఒక్కరే రాగలిగారు. ఇప్పుడు అక్కకి పాప, ఎనిమిదో నెల. పాపని చూపించడానికి వాళ్ళు మార్చిలో ఊరు వెళ్తుంటే, బావ వాళ్ళ అమ్మగారు వీడియో కాల్‌లో మా అమ్మని కూడా రమ్మని ఒకటికి పదిసార్లు పిలిచారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అమ్మకి కుర్దిష్ రాదు. అయినా ఆ పిలుపు అమ్మకి అర్థమైపోయింది, అక్కడికక్కడే తలూపేసింది. తోడుగా నేను వెళ్తున్నా. మార్చి 13న ఎర్బిల్‌లో దిగి 21 దాకా ఉంటాం.

టికెట్లు కొన్నాక తెలిసింది, రంజాన్ మార్చి మొదట్లోనే మొదలై నెలాఖరు దాకా ఉంటుందట. అంటే మేం ఉన్నన్ని రోజులూ ఇంట్లో అందరూ ఉపవాసం. బావని అడిగితే "మంచిదే కదా, సాయంత్రం అందరూ ఒకేచోట దొరుకుతారు" అన్నారు. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. వయసు 61, బీపీ మాత్ర పొద్దున్నే తిన్నాక వేసుకోవాలి. వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంటే మేం వాళ్ళ ఎదురుగా కూర్చుని ఎలా తింటాం? తినకుండా ఉందామంటే అమ్మ మాత్రల సంగతేంటి? మేము కూడా రోజా ఉండాలని వాళ్ళు అనుకుంటారా? ఉండకపోతే సాయంత్రం వాళ్ళతో భోజనానికి కూర్చునే అర్హత మాకుందా అని అమ్మ అడుగుతోంది. నవ్వకండి, నిజంగానే అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

బావ వాళ్ళ నాయనమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు అని మాత్రం తెలుసు.

అటువైపు వెళ్ళినవాళ్ళు, కుర్దుల ఇళ్ళతో రాకపోకలున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


దూరపు_రోడ్డు, 2025 ఫిబ్రవరి 17

నేను ఎర్బిల్‌లో మూడేళ్ళు సైట్ ఇంజనీరుగా పనిచేశాను, రెండు రంజాన్లు అక్కడే గడిచాయి. ముందు ప్రయాణం సంగతి చెప్తా. ఎర్బిల్ నుంచి సులైమానియాకి కారులో సుమారు మూడు గంటలు, అక్కడినుంచి షారజూర్ మైదానం మీదుగా హలబ్జాకి ఇంకో గంట పైన. దారిలో చెక్‌పోస్టులు చాలా ఉంటాయి, పాస్‌పోర్టులు పెట్టె అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోండి. పగలు దారిలో హోటళ్ళు చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి అమ్మగారికి బిస్కెట్లు, పళ్ళు, మంచినీళ్ళు కారులోనే ఉంచుకోండి. తినేది కారు లోపలే తినండి, రోడ్డు మీద నిలబడి తినొద్దు. పల్లెల్లో కార్డు పనిచేయదు, దినార్లు చేతిలో ఉండాలి. అధికారిక రేటు డాలరుకి 1,300 దినార్లు, బజార్లో డబ్బు మార్చే కొట్లలో అంతకంటే ఎక్కువే ఇస్తారు.

ఇక మీ అసలు ప్రశ్న. నా సలహా అయితే సులైమానియాలో హోటల్ తీసుకోండి. పగలంతా అక్కడ మీ ఇష్టం వచ్చినట్టు తిని, సాయంత్రం అజాన్ వేళకి ఊరికి వెళ్ళి భోజనం చేసి వచ్చేయండి. వాళ్ళకీ ఇబ్బంది ఉండదు, మీకూ ఉండదు. నేను మా సైట్ మేస్త్రీల ఇళ్ళకి అలాగే వెళ్ళేవాణ్ణి.


గోరింట, 2025 ఫిబ్రవరి 18

పై అన్నగారు దారి గురించి చెప్పిందంతా నిజం. హోటల్ సలహా మాత్రం దయచేసి వినకండి. ఆయన సహోద్యోగిగా వెళ్ళారు, మీరు వియ్యాలవారిగా వెళ్తున్నారు. తేడా ఉంది.

నేను కుర్దుల ఇంటి కోడలిని. మా అత్తగారి ఊరు సయ్యద్ సాదిక్ దగ్గర, అంటే మీరు హలబ్జాకి వెళ్ళే దారిలోనే. పెళ్ళయిన మొదటి రంజాన్‌లో నేను చేసిన తప్పే మీరు చేయబోతున్నారని రాస్తున్నా. రోజా లేనిదాన్ని వాళ్ళ మధ్య తిరిగితే బాగోదని నాకు నేనే అనేసుకుని, పగలంతా మేడ మీద గదిలో తలుపేసుకుని కూర్చునేదాన్ని. సాయంత్రం బాంగ్ వినపడగానే (అజాన్‌ని వాళ్ళు బాంగ్ అంటారు) కిందికి దిగి సుఫ్రా ముందు కూర్చునేదాన్ని. సుఫ్రా అంటే నేల మీద పరిచి గిన్నెలు, పళ్ళేలు సర్దే గుడ్డ. మర్యాదగా ఉంటున్నాననే అనుకున్నా. నాలుగో రోజు మా ఆడపడుచు వచ్చి, మా ఆయనతో, "మీ ఆవిడకి మేము నచ్చలేదా, హోటల్‌కి వచ్చినట్టు తినే టైముకి వస్తోంది" అంది. ఆ మాట విని ఎంత ఏడ్చానో చెప్పలేను. అందులో ఆవిడ తప్పు ఏమీ లేదు.

ఆ ఇళ్ళల్లో చుట్టరికం కలిసేది భోజనం దగ్గర కాదండీ, భోజనానికి ముందు రెండు గంటల్లో. నాలుగు దాటిందంటే ఆడవాళ్ళందరూ వంటింట్లోనే. ఆకలితో ఒంట్లో ఓపిక ఉండదు, మాటలు తక్కువ, చేతులు మాత్రం ఆడుతూనే ఉంటాయి. ఆ గంటల్లో మీ అమ్మగారు వెళ్ళి ఒక పీట మీద కూర్చుని ఉల్లిపాయ వలిచినా చాలు, ఆవిడ ఇక చుట్టం కాదు, ఇంటి మనిషే. భాష అక్కర్లేదు. మా అమ్మ వచ్చినప్పుడు అంతే జరిగింది. యప్రాఖ్ చేస్తున్నారు ఆ రోజు, అంటే ద్రాక్షాకులు, ఉల్లిపాయ పొరలు, సిల్క్ అనే ఒక ఆకుకూర ఆకులు, వీటిల్లో బియ్యం కూరి చుట్టి వండేది. ఉల్లిపాయని ఒక పక్కన మాత్రం నడిమధ్య దాకా కోసి ఉడకబెడితే పొరలు పొరలుగా విడివడతాయి, ఒక్కో పొరలో కూరు పెట్టి చుట్టాలి. మా అత్తగారు ఒకటి చుట్టి చూపించారు. మా అమ్మ రెండోది చుట్టింది. మా అత్తగారు దాన్ని విప్పి, కూరు సగం తీసేసి, మళ్ళీ అమ్మ చేతిలో పెట్టారు. ఉడికితే బియ్యం పొంగుతుంది కదా, నిండా కూరితే పగిలిపోతుంది. వాళ్ళిద్దరూ ఆ సాయంత్రం ఒక్క మాట మాట్లాడుకోకుండా పెద్ద గిన్నెడు చుట్టారు.

తిండి సంగతి. "బే గోష్త్" అంటే మాంసం లేకుండా అని. ఇదొక్కటి అంటే సరిపోదు, ఎందుకంటే చాలామంది లెక్కలో కోడి గోష్త్ కిందికి రాదు. కోడిని మిరీష్క్ అంటారు, అదీ వద్దని విడిగా చెప్పాలి. మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దని బావగారి చేత ముందే చెప్పించండి. యప్రాఖ్ గిన్నె అడుగున మామూలుగా గొర్రె పక్కటెముకలు పరుస్తారు, చిక్కుళ్ళ పులుసులోనూ మాంసం పడుతుంది. అమ్మగారికి వేరే చిన్న గిన్నెలో వండమని అడగడం తప్పేమీ కాదు. అసలు చెప్పకుండా అక్కడికెళ్ళాక పళ్ళెం పక్కకి నెట్టడమే వాళ్ళని బాధపెడుతుంది. ఇవి కాక నీస్క్ షోర్బా, అంటే ఎర్ర కందిపప్పు చారు లాంటిది, నిమ్మకాయ పిండుకుని తాగుతారు. సేమ్యా వేయించి కలిపిన అన్నం, పెరుగు, మాస్తావ్ అనే ఉప్పు మజ్జిగ, ఊరగాయలు ఉంటాయి. మార్చిలో వెళ్తున్నారు కాబట్టి కొండ మీద దొరికే ఆకుకూరలు కూడా తినొచ్చు. కలానె అని పల్చటి రొట్టెలో ఉల్లికాడల్లాంటి ఆకు పెట్టి పెనం మీద కాల్చి వెన్న రాస్తారు. అమ్మగారికి ఆకలి మాటే ఉండదు.

పగటి తిండి గురించి భయపడకండి. ఏ కుర్దు ఇంట్లోనైనా రోజా లేనివాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, జబ్బు ఉన్నవాళ్ళు. మా ఇంట్లో మా అత్తగారి అక్కకి షుగరు, ఆవిడ ఉండరు. మధ్యాహ్నం వంటింట్లో ఒక మూల చిన్న గుడ్డ పరిచి వీళ్ళకి పెడతారు, చప్పుడు లేకుండా తినేస్తారు. మీ అమ్మగారి చోటు అక్కడ ముందే ఉంది. వెళ్ళి కూర్చోవడమే.


నెలవంక, 2025 ఫిబ్రవరి 18

నేను తెలుగు ముస్లింని, కుర్దులతో చుట్టరికం లేదు కానీ ఉపవాసం సంగతి చెప్పగలను. కుర్దుల్లో ఎక్కువమంది సున్నీలు, వాళ్ళలోని ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటైన షాఫీ పద్ధతి పాటిస్తారు. జబ్బు ఉన్నవాళ్ళు, ప్రయాణంలో ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు, వీళ్ళకి రోజా నుంచి మినహాయింపు ఉంది. కొందరు తర్వాత ఆ రోజులు పూర్తి చేసుకుంటారు. జబ్బు వల్లో వయసు వల్లో ఎప్పటికీ ఉండలేనివాళ్ళు రోజుకొక పేదవారికి అన్నం పెడతారు. దాన్ని ఫిద్యా అంటారు. అంటే ఉపవాసం ఉండనివాళ్ళు కూడా రంజాన్ బయట ఉన్నట్టు కాదు. ముస్లింలు కాని మిమ్మల్ని రోజా ఉండమని ఎవరూ అడగరు.

అర్హత గురించి అమ్మగారు అడిగింది నాకు గుండెకి తగిలింది. ఉపవాసం ఉన్నవారికి ఇఫ్తార్ పెట్టడమే మాకు పెద్ద పుణ్యం. అతిథి ఇంటికి వచ్చి కూర్చోవడం ఆ ఇంటికి బరకత్, అంటే దీవెన. ఆవిడని సంతోషంగా వెళ్ళమనండి.

ఒక చిన్న విషయం. మార్చి మధ్యలో అక్కడ తెల్లవారుజామున సుమారు 4:45 నుంచి సాయంత్రం 6:10 దాకా ఉపవాసం. చివరి గంటలో ఎవరైనా విసుగ్గా కనిపిస్తే అది మీ మీద కాదు, టీ లేక వచ్చే తలనొప్పి. మా ఇంట్లో మా నాన్నగారు అంతే.


వెన్నెల_వాకిలి, 2025 ఫిబ్రవరి 20

అందరికీ చాలా చాలా థాంక్స్. గోరింట గారు, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను, రెండోసారి కూడా చదివించుకుంది. బావతో మాట్లాడి మాంసం విషయం ముందే చెప్పించాం. వాళ్ళ అమ్మగారు "అదేం పెద్ద విషయం, మా కొండ నిండా ఆకులే" అన్నారట.

ఇంకొకటి అడగాలి. మేం ఉండే రోజుల్లోనే మార్చి 16 వస్తుంది. హలబ్జా మీద 1988లో రసాయన బాంబులు వేసిన రోజు అదేనని చదివాను, సుమారు 5,000 మంది చనిపోయారని. బావ నాయనమ్మ ఆ రోజు ఊళ్ళోనే ఉన్నారట, ఆ ఊపిరితిత్తుల జబ్బు అప్పటిదేనట. అక్క ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదు. ఆ రోజు మేం ఏం చేయాలి? పలకరించాలా, పక్కకి తప్పుకోవాలా?


గోరింట, 2025 ఫిబ్రవరి 21

తప్పుకోకండి. అడగనూ వద్దు. ఆవిడ చెప్తే వినండి, చెప్పకపోతే పక్కన కూర్చోండి. ఆ రోజు పొద్దున కుర్దిస్తాన్ అంతా కాసేపు మౌనం పాటిస్తారు, హలబ్జాలో స్మారకం దగ్గరికి, శ్మశానానికి జనం వెళ్తారు. మీ బావ వాళ్ళు మిమ్మల్ని కూడా రమ్మంటే వెళ్ళండి, నల్లవో, ఏవైనా ముదురు రంగువో కట్టుకోండి. ఫోటోలు తీయకండి. ఆ గ్యాసు తీయటి ఆపిల్ వాసన వేసిందని బతికి బయటపడినవాళ్ళు చెప్తారు. అందుకని ఒక్క చిన్న మాట, సెంట్లు, వాసనల సబ్బులు కానుకగా తీసుకెళ్ళకండి. ఆవిడకి ఆయాసం ఉంది కాబట్టి ఎలాగూ మంచిది కాదు. యాలకులు, జీడిపప్పు, అమ్మగారు చేసిన ఏదైనా మిఠాయి తీసుకెళ్ళండి, చాలు.


దూరపు_రోడ్డు, 2025 ఫిబ్రవరి 21

గోరింట గారు చెప్పింది చదివాక నా హోటల్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. చుట్టాల సంగతి నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పాను.

పనికొచ్చే కొన్ని మాటలు మాత్రం ఇస్తాను. అటువైపు మాట్లాడేది సొరానీ కుర్దిష్, పై కొండ ఊళ్ళల్లో హవ్రామీ అనే భాష కూడా వినిపిస్తుంది. వంట చేసినవారికి "దస్త్ ఖోష్" అనాలి, మీ చేయి చల్లగా ఉండాలి అన్నట్టు. వాళ్ళు "నోషీ గ్యాన్" అంటారు, ఒంటికి పట్టాలి అని. థాంక్స్ అనడానికి "జోర్ స్పాస్". నాయనమ్మని "దాపీరా" అంటారు. ఏ పేరుకైనా చివర "గ్యాన్" చేరిస్తే ముద్దుగా పిలిచినట్టు. మామ అంటే వాళ్ళకి నాన్న తమ్ముడో అన్నో, మేనమామని ఖాల్ అంటారు. అక్కడ మనవాళ్ళు తికమక పడతారు. మగవాళ్ళు చేయి ముందుకి చాపకపోతే మీరూ చాపొద్దు, గుండె మీద చేయి పెట్టుకుని తల వంచితే చాలు.

అమ్మగారికి ముఖ్యంగా చెప్పాల్సింది ఒకటుంది. ఏది అడిగినా, ఎవరింటికి వెళ్ళినా వాళ్ళు "సర్ చావ్, సర్ చావ్" అంటూనే ఉంటారు. చావ్ అంటే కన్ను. నా కళ్ళ మీద పెట్టుకుంటాను అని అర్థం. మొదటిసారి వింటే మన చెవికి వేరేలా వినిపిస్తుంది, పండగ ఇంట్లో ఆ మాటేంటి అని ఆవిడ కంగారు పడతారు, ముందే చెప్పి తీసుకెళ్ళండి.


వెన్నెల_వాకిలి, 2025 మార్చి 25

మొన్ననే వచ్చాం. ఇక్కడ సలహా ఇచ్చినవాళ్ళందరికీ ఏం జరిగిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

13వ తేదీ రాత్రి పొద్దుపోయాక ఊరు చేరాం. షారజూర్ దాటి కొండలు మొదలయ్యాక చీకట్లో పైన మంచు తెల్లగా కనిపిస్తూనే ఉంది. ఇంటి బయట పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు, ఆ చలిలో. బావ వాళ్ళ అమ్మగారు పాపని తీసుకోలేదు ముందు. మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని "సర్ చావ్" అన్నారు. అమ్మ నా వైపు చూసి తలూపింది, తెలుసులే అన్నట్టు. ఆ తర్వాతే పాప.

మర్నాడు మధ్యాహ్నం వంటింటి మూల చిన్న గుడ్డ పరిచారు, గోరింట గారు చెప్పినట్టే. దాపీరా, పాలిచ్చే తల్లి కాబట్టి అక్క, బావ అన్నగారి ఇద్దరు పిల్లలు, అమ్మ, నేను. దాపీరాకి నాలుగు మాటలకొకసారి దగ్గు వస్తుంది. ఏం తింటున్నా తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంటారు, రోజా ఉన్నవాళ్ళకి కనపడకుండా. అమ్మ కూడా జరిగి ఆవిడ పక్కనే తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. దాపీరా అమ్మ మోకాలు మీద చేయి వేసి తట్టారు. మేం ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం వాళ్ళిద్దరి చోటు అదే.

సాయంత్రం పనిలో అమ్మకి రొట్టె అప్పగించారు. నానీ తీరీ అంటారు, మూరెడు వెడల్పుండే పల్చటి రొట్టె. నెలకి సరిపడా ఒకేసారి కాల్చి ఎండబెట్టి, దొంతరగా పేర్చి గుడ్డ కప్పి పెట్టుకుంటారు. ముట్టుకుంటే అప్పడంలా పెళపెళమంటుంది. తినే ముందు ఒక్కోదాని మీద వేళ్ళతో నీళ్ళు చిలకరించి, పైన తడిగుడ్డ కప్పితే పది నిమిషాల్లో చీరలా మెత్తబడుతుంది, అప్పుడు నాలుగు మడతలు వేసి పెట్టాలి. నీళ్ళు ఎక్కువైతే జిగురు, తక్కువైతే మడత దగ్గర విరుగుతుంది. మొదటి రోజు అమ్మ చేతిలో ఆరు విరిగాయి. బావ వాళ్ళ అమ్మగారు ఆ ముక్కలన్నీ ఏరి తన పళ్ళెంలో వేసుకున్నారు. రెండో రోజు ఒకటి విరిగింది. అమ్మ ఆవిడని "వదినగారూ" అనే పిలిచింది అన్ని రోజులూ, ఆవిడ తెలుగు మాటకి కుర్దిష్‌లో జవాబు చెప్తూనే ఉన్నారు.

15వ తేదీ శనివారం. అమ్మకి శనివారాలు ఒంటిపూట భోజనం అలవాటు కదా. మాత్ర కోసం పొద్దున నాలుగు బాదం పప్పులు తిని, ఇక మధ్యాహ్నం గుడ్డ దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదో అక్క బావకి చెప్పింది, బావ వాళ్ళ అమ్మకి చెప్పారు. ఆవిడేమీ అనలేదు. 6:10కి బాంగ్ వినిపించింది. గదిలో ఇరవై మంది దాకా ఉన్నాం, ఒక్కరి చేయీ కదల్లేదు, అందరూ ఆవిడ వైపు చూస్తున్నారు. ఆవిడ పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసి, గింజ ఒలిచి పక్కన పెట్టి, ముందు మా అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని తింది. ప్రసాదం ఎలా తీసుకుంటుందో అలాగే. ఆ కళ్ళకద్దుకోవడం చూసి దాపీరా ఏదో గట్టిగా అన్నారు, అందరూ "సర్ చావ్, సర్ చావ్" అని మొదలుపెట్టారు. మాటలో వాళ్ళు చెప్పేదాన్ని అమ్మ చేసి చూపించిందట. బావ అర్థం చెప్పాక నాకు ఒళ్ళు జలదరించింది.

నెలవంక గారు ఫిద్యా గురించి చెప్పారు కదా. అది నేను కళ్ళారా చూశాను. దాపీరా రోజూ బాంగ్‌కి ఓ అరగంట ముందు తన పళ్ళెం తానే సర్దుతారు. అన్నం, పులుసు, రొట్టె, నాలుగు ఖర్జూరాలు, పైన మూత. రెండిళ్ళ అవతల ఒంటరిగా ఉండే ఒకావిడకి పిల్లలు అది ఇచ్చి వస్తారు. ఆవిడ చేతులు వణుకుతాయి, అయినా ఎవరినీ సర్దనివ్వరు. అది ఆవిడ రోజా.

మార్చి 16 ఆదివారం. పొద్దున హలబ్జా వెళ్ళాం. మేం ఏమీ అడగలేదు, ఫోటోలు తీయలేదు. శ్మశానంలో దాపీరా ఒక్కో రాయి మీదా చేయి వేసి, ఆగి, దగ్గి, ఇంకో దాని దగ్గరికి వెళ్ళారు. అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఒక్క పళ్ళెం కాదు, ఐదు సర్దారు. ఒకటి ఎప్పటిదే. మిగతా నాలుగూ పోయినవాళ్ళ పేరు మీద. ఇద్దరు తమ్ముళ్ళు, ఒక మరదలు, ఇంకా పేరు పెట్టని పాప. ఇది తమ్ముడి కూతురట. బావ నెమ్మదిగా ఒక్కొక్కటి చూపించి చెప్పారు. పిల్లలు నలుగురే ఉన్నారు, ఐదో పళ్ళెం మిగిలింది. అమ్మ లేచి చెంగు నడుముకి దోపుకుని ఆ పళ్ళెం తీసుకుంది. నేను తీసుకెళ్తాను ఉండమ్మా అంటే వినలేదు. బురదలో, ఎగుడుదిగుడు రాళ్ళ దారిలో ఒక పిల్లాడి వెనకాలే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు పళ్ళెం ఖాళీగా పంపకూడదని నాలుగు దానిమ్మపళ్ళు వేసి పంపారు. హలబ్జా దానిమ్మలు పేరున్నవి, పోయిన శరదృతువులో కోసి గడ్డిలో దాచినవి. తొక్క ఎండి ముడతలు పడింది కానీ లోపల గింజలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. దాపీరా పళ్ళెం వంక చూసి, ఒకటి అమ్మకి, ఒకటి అక్క ఒళ్ళో ఉన్న పాపకి అని తీసి పక్కన పెట్టారు.

20వ తేదీ రాత్రి నౌరోజ్ (వాళ్ళ కొత్త సంవత్సరం పండగ) మంటలు చూశాం, ఇఫ్తార్ అయ్యాక కొండ మీద వేశారు. ఇంకో రాత్రి పళ్ళెంలో కప్పులు బోర్లించి ఏ కప్పు కింద వస్తువు దాచారో కనిపెట్టే ఆట ఆడారు, సీనీ వ జర్ఫ్ అంటారు. రెండు జట్లుగా సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) దాకా అరుచుకుంటూ ఆడతారు. వాటి గురించి ఎవరైనా అడిగితే వేరే రాస్తా.

అర్హత ఉందా అని అమ్మ అడిగిన ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఇప్పుడు ఒక సందేహం. వచ్చేటప్పుడు వదినగారు నానీ తీరీ ఒక పెద్ద కట్ట, నలభై దాకా ఉంటాయి, పాత దుప్పట్లో చుట్టి సూట్‌కేసులో పెట్టేశారు. బట్టలు తీసి మరీ చోటు చేశారు. రెండు విరిగాయి, మిగతావన్నీ క్షేమంగా వచ్చాయి. వీటిని ఎన్నాళ్ళు ఉంచొచ్చు? ఫ్రిజ్‌లో పెట్టాలా?


గోరింట, 2025 మార్చి 25

ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ప్లాస్టిక్ కవరూ వద్దు. పొడి నూలు గుడ్డలో చుట్టి గాలి తగిలే చోట ఎత్తు మీద పెట్టండి, రెండు నెలలకి పైగానే ఉంటాయి. అమ్మగారికి చిలకరించడం వచ్చేసింది కదా, ఇక భయం లేదు.


వెన్నెల_వాకిలి, 2025 మార్చి 26

అటక మీద పెట్టించాను. సాయంత్రం రెండు దింపి తడిపింది. ఒక్కటీ విరగలేదు. వదినగారికి వీడియో కాల్ చేసి చూపిస్తోంది ఇప్పుడే.